మా మేనత్త కరాటే

మా మేనత్త పోయిందన్న సంగతి హౌరా టికియాపారా నుంచి ఆమె అద్దెకుండే ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్న పాలవాడు ఎంత కొట్టినా తలుపు తీయకపోతే పక్కగదివాళ్ళు గడియ విరగ్గొట్టి చూశారట. నిద్రలోనే పోయింది. నేనుండేది మెటియాబ్రుజ్‌లో. నదికి ఇటు నేను, అటు ఆమె. బస్సూ రైలూ కలిపినా గంటన్నరకు మించని దూరం. అయినా నేనామెను చూసి అప్పటికి నాలుగు నెలలు దాటింది.

భూస్థాపనకు పన్నెండుమందిమి వెళ్ళాం. ఆమె గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమని పాస్టరుగారు అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పవలసినదాన్ని నేనే. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మామయ్య సంత్రాగాఛి యార్డులో పనిచేసేవాడు. ఆయన పోయాక రైల్వేవాళ్ళు అత్తకు బోగీలు కడిగే ఉద్యోగం ఇచ్చారు. పిల్లల్లేరు. మా రైల్వే క్వార్టరుకు రెండు వరసల అవతల ఆమెది ఒంటిగది. పొద్దున్నే పనికి వెళ్ళి, మధ్యాహ్నం తిరిగొచ్చి, ఇంత వండుకుని తినేది. మా అమ్మ భోజనానికి పిలిస్తే, ఇప్పుడే వండేసుకున్నాననేది. రెండుమూడుసార్లు అలా అన్నాక అమ్మ పిలవడం మానేసింది. పిలవడం మానేసిన సంగతి మేమెవరం గమనించలేదు.

నాకు పదిహేనేళ్ళప్పుడు మా కాలనీ క్లబ్బు మైదానంలో వారానికి మూడు సాయంత్రాలు ఒక బెంగాలీ సారు కరాటే నేర్పేవాడు. పార్టీ మీటింగులున్న రోజు మైదానం మాకు దక్కేది కాదు. ఇటుకలు పగలగొట్టొచ్చని ఆశపడి మొదట్లో యాభైమంది పిల్లలు చేరారు. సారు నెలరోజులపాటు ఊరికే నిలబడడం నేర్పాడు. పాదం ఎక్కడ ఉండాలి, మోకాలు ఎంత వంగాలి, గుద్దుకు బలం భుజం నుంచి కాక మడమ నుంచి, నడుము నుంచి ఎలా వస్తుంది, ఇవే. సగంమంది వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకు ‘కటా’ నేర్పాడు. అంటే కనబడని శత్రువులతో ఒంటరిగా చేసే పోరు; ఎన్ని అడుగులో, ఎటు మలుపో ముందే రాసిపెట్టినట్టుంటుంది. ఆ తర్వాతే ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడే పోటీ. అందులో ముఖం మీదికి విసిరిన పిడికిలి చర్మం దాకా వెళ్ళి ఆగిపోవాలి. తగిలిందా, తప్పు. పోరాట విద్యగా పుట్టినదాన్ని ఆటగా మార్చింది ఈ ఆగడమేనని సారు అనేవాడు. నాకప్పుడు ఆ మాట చెవికెక్కలేదు. గ్రీన్ బెల్టు వచ్చిన గర్వంలో ఉన్నాను.

ఒకరోజు ఆ మైదానంలోకి మా అత్త వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. లాంగ్‌క్లాత్‌తో తనే కుట్టుకున్న తెల్ల లాగూ, చొక్కా, నడుముకు కొత్తగా చేరినవాళ్ళు కట్టే తెల్ల బెల్టు. చిట్టచివరి వరసలో పదేళ్ళ పిల్లల పక్కన నిలబడింది. మగపిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వారు. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది.

కరాటేలో పెద్దరికం వయసుది కాదు, బెల్టుది. ఆ లెక్కన నాకు ముందుగా వంగి నమస్కరించాల్సింది ఆమె. రెండు చేతులూ తొడలకు ఆనించి, నా కళ్ళలోకి చూసి, వంగేది. నేను పక్కకు చూస్తూ తిరిగి వంగేదాన్ని.

చర్చిలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. నాన్న వెళ్ళి, ఈ వయసులో ఇదేమిటని అడిగాడు. కీళ్ళనొప్పులకు మంచిదంట అన్నియ్యా, అందట. యార్డుదారిలో తాగుబోతుల భయంతోనే నేర్చుకుంటోందని నాన్న తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఆమెకు తొందరగా వచ్చేది కాదు. కుడి ఎడమలు తడబడేవి. కటాను ‘కత’ అనేది. కుళాయి దగ్గర నేను కనిపిస్తే చాలు, “ఓలే గుంటా, ఆ కతలో రెండో మలుపు కాడ ఏ కాలు ముందలెట్టాల?” అని అందరి ముందూ అడిగేది. నేను వినబడనట్టు బిందె ఎత్తుకుని వచ్చేసేదాన్ని. మర్నాడు అదే మలుపు తప్పు చేసి, సారు చేత దిద్దించుకుని, మళ్ళీ చేసేది. బోగీలు కడిగేటప్పుడు బ్రష్షు ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడంచేత్తో పట్టుకుంటే రెండు భుజాలూ సమంగా వస్తాయని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది.

అంతర్‌జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి. నాతో సాధన చేయడానికి ఆ రోజు వేరే ఆడపిల్లలెవరూ రాలేదు. సారు అత్తను నిలబెట్టాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒకడు, పిన్నిగారూ అన్నట్టు బెంగాలీలో, మాసీమా జాగ్రత్త అని గొంతు మార్చి అరిచాడు. అందరూ నవ్వారు. నా కోపం అరిచినవాడి మీదికి వెళ్ళాల్సింది. ఆమె మీదికి వెళ్ళింది. ఆమె చేతులు మరీ పైకి పెట్టుకుని, మోచేతులు విప్పి, ఎప్పుడూ నా ఎదురుగా నిలబడ్డప్పటిలాగే కాస్త నవ్వుతోంది. నేను గుద్దాను. ఆపలేదు.

చప్పుడు నాకింకా గుర్తు. తెల్లచొక్కా మీద రక్తం పడింది. ముందుపన్ను సగం విరిగింది. సారు నాకేసి చూసి, చెయ్యి ఆపుకోలేని పిల్లను పోటీకి తీసుకెళ్ళనన్నాడు. అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వచ్చీరాని బెంగాలీలో, పిల్ల తప్పేమీ లేదని, తానే ముందుకు వచ్చేశానని చెప్పింది. తర్వాత పోరు మొదలుపెట్టే చోట తన గీత మీదికి వెళ్ళి నిలబడి, నాకు నమస్కరించింది. నేను వంచిన తల ఎత్తలేదు.

తడిసిన బోగీ మెట్టు మీద జారిపడ్డానని మా ఇంట్లో చెప్పింది. ఇవాళ్టిదాకా అందరూ నమ్మేది అదే.

అత్త మాట మీద సారు నన్ను పోటీకి తీసుకెళ్ళాడు. మొదటి పోరులోనే ఓడిపోయాను. బారాసాత్ నుంచి వచ్చిన సన్నటి పిల్ల విసిరిన పిడికిలి నా ముక్కుకు వెంట్రుకవాసిలో ఆగింది. దాని గాలి నా ముఖానికి తగిలింది. అంత వేగంగా వచ్చిన చెయ్యి ఆగగలదని అప్పుడు తెలిసింది. నా చెయ్యీ ఆగగలిగేదే. పరీక్షల వంక పెట్టి ఆ ఏడే కరాటే మానేశాను.

అత్త మానలేదు. మరో ఏడేళ్ళు, ఆ మైదానంలో క్లబ్బువాళ్ళు భవనం కట్టేదాకా వెళ్ళింది. నల్ల బెల్టుకు ముందుదైన బ్రౌన్ బెల్టు వరకూ వచ్చిందని నా పెళ్ళయ్యాక ఎవరో చెబితే తెలిసింది.

రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక టికియాపారాలో గది తీసుకుంది. నేను ఆఖరిసారి వెళ్ళింది చలికాలంలో. టీ పెట్టి ఇచ్చింది. నవ్వితే ఆ సగం పన్ను కనబడింది. ఎప్పుడూ బాగుచేయించుకోలేదు. అత్తా, ఆరోజు నేను కావాలనే కొట్టాను, అన్నాను.

“తెలుసే. నీ కల్లలోకే సూస్తన్నాను కదా” అంది.

అంతమంది నవ్వుతుంటే ఎందుకు వచ్చేదానివని అడిగాను. గ్లాసు కింద పెట్టింది.

“మీ మావ పోయినాక నాకేసి తిన్నగా సూసినోలు లేరే. ఎవులెదురైనా అయ్యో పాపం అనుకుంట పక్కకి సూసీవోరు. పనికాడ బోగీలే గాని మనిసి లేడు. అక్కడైతే పదేల్ల గుంటడైనా నా ఎదర నిలబడి, కల్లలో కల్లెట్టి, దండమెట్టీవోడు. దానికోసరం ఎల్లీదాన్ని.” ఆగి మళ్ళీ అంది: “నువ్వొక్కదానివే సూసీదానివి కాదు. కొట్టిన దినం సూసినావు.”

టీ చల్లారిపోతోంది, తాగమంది.

వద్దంటున్నా స్టేషనుకు వచ్చింది. వచ్చే ఆదివారం వస్తానన్నాను, నమ్మినట్టే తలూపింది. హౌరా లోకల్ వచ్చింది. జనంలో నెట్టుకుంటూ ఎక్కి, కిటికీ దగ్గర చోటు దొరికించుకుని చూశాను. ఆమె చెయ్యి ఊపలేదు. కిటికీలన్నీ ఒక్కొక్కటీ వెతుకుతోంది. నేను పిలిచాను, రైలు కూతలో వినబడలేదు. బండి కదిలింది. దిగినవాళ్ళంతా మెట్లవైపు వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ప్లాట్‌ఫారం మీద ఆమె ఒక్కతే, బూడిదరంగు శాలువా కప్పుకుని, ఇంకా నా ముఖం కోసం, వెళ్ళిపోతున్న పెట్టెల్లో చివరి పెట్టె దాకా చూస్తూ నిలబడి ఉంది.