ఎవలిది గీ బ్యాగు

కూర్చునే ముందు బెంచీ కింద చూసే అలవాటు నాకు ఆమె వల్లే వచ్చింది. అబిడ్స్‌లో పని చూసుకుని నాంపల్లి స్టేషన్‌కొచ్చాను. వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చోబోతూ ఒక పెద్దామె వంగి బెంచీ కింద చూస్తోంది.

"ఏం దేవులాడుతున్నరమ్మా?"

"బ్యాగులేమన్న ఉన్నయేమోనని, బిడ్డా. నా పెనిమిటి బాంబు పేలి సచ్చిపోయిండు."

అప్పుడే మైకులో, అనుమానంగా ఏది కనిపించినా వెంటనే తెలపమన్నారు.

"మనం చెప్తం. ఆళ్లు ఇనాలె గద," అంది. "పేలినంక మంత్రి దవాఖానకొచ్చి నా తలమీద చెయ్యి పెట్టిండు. బయటికి పోయి, మాకు ముందుగాల్నే ఖబరున్నదని టీవీలోళ్లకు చెప్పిండు. ఉంటే ఏం జేసిన్రు సారూ అని అడుగుదామని ఉరికిన. అప్పటికే కారెక్కిండు."

ఆమె చూపు ఎదురు బెంచీ కింద ఆగింది. అక్కడొక నల్ల బ్యాగుంది, దగ్గర్లో మనిషి లేడు.

"ఎవలిది గీ బ్యాగు?" హాలంతా వినబడేలా అరిచింది. ఎవరూ పలకలేదు. మళ్లీ అరిచింది.

నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్నాయన బాటిల్‌తో ఉరికొచ్చాడు. "ఏందమ్మా గీ లొల్లి? బ్యాగే గద!"

ఆమె మెల్లగా కూర్చుంది.

"ఔ బిడ్డా. ఖబరున్నోళ్లు గూడ గట్లనే అనుకున్నరు."