గేటు దగ్గరి పెద్దాయన గొంతు

ఊరూరా తిరిగి జనాన్ని నవ్వించే ఆ మిమిక్రీ కళాకారుడి అసలు గొంతేదో ఇంట్లోవాళ్ళకే సరిగ్గా తెలియదు. పాలవాణ్ణి కేకేసేది మంత్రిగారి గొంతుతో, భార్యను బతిమాలేది మామగారి గొంతుతో. గొంతు మార్చేముందు ఎడమచేత్తో మెడ నిమురుకుంటాడు. ఏ ఊళ్ళోనైనా కిందటిసారి బాగా నవ్వించిన గొంతుతోనే మొదలుపెట్టడం అతని అలవాటు. ఈ హాల్లో అది, గేటు దగ్గర టిక్కెట్లు చింపుతూ, కళ్ళద్దాల కోసం వెనకగదిలోని భార్యను అస్తమానం కేకేసే పెద్దాయనది.

నిన్న సాయంత్రం తెర లేవగానే మెడ నిమురుకుని, "ఏమేవ్, నా కళ్ళద్దాలు ఎక్కడ పెట్టావే?" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. మూడో వరసలోంచి ఒకావిడ, "మీ నెత్తిమీదే ఉన్నాయి, చూసుకోండి" అంది. అనేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తెర పక్కనుంచి మేనేజరు గుసగుసగా, "ఆయన పోయి నెల కూడా కాలేదయ్యా. మనసు మళ్ళుతుందని ఆవిణ్ణి మేమే పిలుచుకొచ్చాం" అన్నాడు. కళాకారుడు మెడ నిమురుకున్నాడు, మళ్ళీ నిమురుకున్నాడు. చేతులు జోడించి, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు.

ఆ మాట కూడా పెద్దాయన గొంతుతోనే వచ్చింది.