పండుగ కాకముందే కొరికిన మామిడికాయ

ఇటలీలో చదువుకునే సీటును ఒక్క పచ్చి మామిడికాయతో పోగొట్టుకోబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. కాయ కొరికింది కూడా చాటుగా కాదు, కెమెరా ముందు, ఉప్పూ కారం అద్దుకుని మరీ. ఆ రోజు అక్కడున్నవాళ్ళు చాలాసేపటి దాకా నవ్వలేదు. ఆ కొరత మీరైనా తీర్చాలి.

మాది మణుగూరు. నాన్న బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. కాలనీ క్వార్టర్లో పుట్టి పెరిగిన నాకు చుట్టూ ఉన్న అడవి బస్సు కిటికీలోంచే పరిచయం. డిగ్రీ చివరి ఏడాదిలో ఫోన్లో ఒక ప్రకటన కనబడింది. ఇటలీలో ఆహార సంస్కృతి మీద పైచదువు, ఎంపికైతే ఖర్చంతా వాళ్ళదేనట. ఇక చూసుకోండి నా కలలు! కొండ మీద ద్రాక్షతోట, రాతిమెట్ల వీధి, సాయంత్రపు గంటలు, బండి చక్రమంత జున్నుగడ్డ పక్కన కూర్చుని ఏదో రాసుకుంటున్న నేను. అమ్మ పచ్చిపులుసు పోస్తే గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ వీధుల్లోకి వెళ్ళిపోయేదాన్ని.

"ఏందే, పులుసేమన్న పాడైందా?" అని అమ్మ కంగారు పడేది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. నాకు సీటు లేదు, వీసా లేదు, ఇటలీ గదిలో కిటికీకి పరదా రంగు మాత్రం ఖాయమైపోయింది.

దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం రాసి పంపాలి. నేను 'అడవి నా వంటిల్లు' అని రాశాను. అవ్వ కొంగు పట్టుకుని అడవంతా తిరిగాననీ, నూరు రకాల ఆకుల పేర్లు ఆమె దగ్గరే నేర్చుకున్నాననీ రాశాను. మా సొంత అవ్వ తిరుమలాయపాలెంలో ఉంటుంది. పత్తిచేను దాటి ఆమె ఏ అడవిలోనూ అడుగు పెట్టలేదు. ఇక నాకు తెలిసిన ఆకులంటారా, కరివేపాకు, కొత్తిమీర, పుదీనా. అంతకు మించి అడిగితే నోరు వెళ్ళబెట్టడమే.

వ్యాసం వాళ్ళకు ఎంత నచ్చిందో గానీ, నెల తిరక్కుండా జవాబొచ్చింది. 'వీడియోలో ఇంటర్వ్యూ చేస్తాం. మీ అవ్వగారు వండుతుండగా, మీ ఊరి నుంచే మాట్లాడండి.'

నాకు ముచ్చెమటలు పోశాయి. హాస్టల్లో నా గదిలోనే ఉండే జ్యోతి గుర్తొచ్చింది. దుమ్ముగూడెం దాటాక అడవిలో ఉన్న కోయగూడెం ఆమెది. అక్కడ ఆమె అవ్వ కన్నమ్మ ఉంటుంది.

"జ్యోతీ, మీ అవ్వను ఒక్క గంట ఇస్తావా?"

"అవ్వ ఏమన్న సైకిలా, కిరాయికిచ్చేటందుకు?" అని కసిరింది. మూడు రోజులు బతిమాలితే మెత్తబడింది. "సరే, ఇంటర్వ్యూ అని చెప్తా. గక్కడికొచ్చి ఏషాలేసినవనుకో, బస్సెక్కించి పంపుడే."

గోదారి పక్కనే సాగింది బస్సు. పొద్దుటి ఎండలో ఇసుక మెరుస్తోంది, నీళ్ళ మీద పల్చగా పొగమంచు. జ్యోతి కన్నమ్మవ్వ గురించి ఏవేవో జాగ్రత్తలు చెబుతూనే ఉంది. నేను ఊఁ కొడుతూ ఇటలీలో ఉన్నాను. ఆ జాగ్రత్తల్లో ఒక్కటి చెవిన వేసుకున్నా ఈ కథ ఉండేది కాదు.

గూడెంలో సిగ్నల్ దొరికేది కన్నమ్మవ్వ పెరట్లో మామిడిచెట్టు కింద మాత్రమే. అక్కడే మూడు రాళ్ళు పెట్టి, పోయినేడు ఎండబెట్టి దాచిన ఇప్పపువ్వు ఉడకేసింది అవ్వ. జ్యోతి ఫోన్ పట్టుకుంది. తెర మీద నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మ, ఆమె వెనక కిటికీలోంచి నిజంగానే ఒక కొండ! నా ప్రాణం సగం అక్కడికి వెళ్ళిపోయింది.

"ఈమే మా అవ్వ," అన్నాను ఇంగ్లీషులో. జ్యోతి చేతిలో ఫోన్ ఒకసారి కదిలింది. అవ్వకు ఇంగ్లీషు రాదు కాబట్టి చల్లగా నవ్వింది.

"చాలా బాగుంది. దీనికి తోడుగా ఏం తింటారు?" అని అడిగింది ప్రొఫెసరమ్మ.

ఏం తింటారో నాకేం తెలుసు? తలెత్తితే గుత్తులు గుత్తులుగా లేత కాయలు. నా బుర్రలో ద్రాక్షతోట, గంటలు. చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఒక కాయ పుటుక్కున తెంపి, పక్కనున్న ఉప్పూకారం అద్ది, "ఇదిగో, అప్పుడే కోసిన మా అడవి పులుపు!" అంటూ కసుక్కున కొరికాను.

"ఓయమ్మో!" అని అవ్వ వేసిన కేకకు చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి.

"ఊయ్! ఊయ్! అది కొరకొద్దే!" జ్యోతి పళ్ళు నూరింది. "మామిడి పండుగ ఇంక కాలే! దేవతకు పెట్టకముందు ఊళ్ళె ఎవ్వరు కాయ ముట్టరు. బస్సుల చెప్పిన గదనే!"

ఉమ్మడమా మింగడమా తెలియక బుగ్గలో ఉంచుకున్నాను.

"మీ అవ్వగారికి ఏమైంది?" ప్రొఫెసరమ్మ కంగారుగా అడిగింది.

"సంతోషంతో పాడుతోంది," అన్నాను.

పాట విని ఊరు ఊరంతా వచ్చింది. ముందు ఊరి పెద్దాయన, తువ్వాలు భుజాన వేసుకుని. కొరికిన కాయను చూశాడు, నా బుగ్గను చూశాడు.

"కన్నమ్మా, గీ పిల్ల ఎవరు? నీ ఇంటి పిల్లయితే తప్పు నీ ఇంటిది. ఈసారి పండుగకు నీ ఇంటోళ్ళు దూరముండాలె. తెల్వక ముట్టిన బయటి పిల్లయితే ఒక కోడినిచ్చి మొక్కితే సాలు."

అవ్వ ముఖం నల్లబడింది. ఏటా పండుగలో ఆడవాళ్ళ పాటకు మొదటి గొంతు ఆమెదేనట. "నా ఇంటికి అన్నం తిననీకొచ్చిన పిల్ల. బయటిదని ఎట్లంట?" అంది మెల్లగా, నా వైపు చూడకుండా.

అర్థమైందా నా పరిస్థితి? ఆమె మనవరాలినైతే అవ్వకు పండుగ లేదు. కాకపోతే నాకు ఇటలీ లేదు. ఫోన్లోంచి ఆ కొండ నన్నే చూస్తోంది. అవ్వ కళ్ళనిండా నీళ్ళు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

కాయ ఉమ్మేశాను. "పెద్దయ్యా, నేను ఈ ఇంటి పిల్లను కాదు. మాది మణుగూరు కాలనీ. నాకు అడవి తెల్వదు, పండుగ తెల్వదు. రాసిందంత అబద్ధం. అవ్వ తప్పేం లేదు." తెలుగులోనే కదా అన్నాను, ప్రొఫెసరమ్మకేం అర్థమవుతుందిలే అని ఒక మూల ఆశ.

"ఆమె ఏమంది?" అని అడిగింది ప్రొఫెసరమ్మ. జ్యోతి ఉందిగా! చక్కటి ఇంగ్లీషులో అక్షరం పొల్లుపోకుండా చెప్పేసింది. 'అబద్ధం' అన్న మాట రెండుసార్లు చెప్పింది.

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అబద్ధమని మాకు మొదటి పేజీలోనే తెలిసింది. నూరు ఆకులన్నావు, ఒక్కదాని పేరూ రాయలేదు. ఎంత దూరం వెళ్తావో చూద్దామనుకున్నాం. అవ్వ కోసం నిజం ఒప్పుకున్నావు గనక సీటు ఇస్తాం. కానీ వచ్చే ఏడాదికి. ఈ ఏడాదంతా ఆ అవ్వ దగ్గరే ఉండి, రాసినవన్నీ నేర్చుకుని రా."

నా కాళ్ళు నేల మీద లేవు. జ్యోతి ఆ మాట అవ్వకు తెలుగులో చెప్పింది. అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసి, పెద్దాయన వైపు తిరిగి చేతులు జోడించింది.

"తప్పు చేసింది గీ పిల్ల గదయ్యా. ఏడాదంత దీంతో ఏగే శిక్ష నాకెందుకు?"

మొదట నవ్వింది పెద్దాయన. ఆ తర్వాత ఊరు నవ్వింది, ఇటలీ నవ్వింది, చివరికి అవ్వ కూడా నవ్వింది. నేను కోడినిచ్చి మొక్కాను, పండుగ పాట అవ్వే ఎత్తుకుంది. నన్ను భరించే శిక్ష మాత్రం ఎవరూ తగ్గించలేదు, ఏడాదీ అవ్వే అనుభవించింది పాపం.

కావున, ప్రస్తుతం ఇటలీలో చదువుకుంటున్న నేను, పూర్తి తెలివితో, కడుపులో చల్ల కదలకుండా, సమస్త జనులకూ తెలియజేసుకునేది ఏమనగా: ఇక మీదట పండుగ కాకుండా ఏ కాయనూ కొరకను, అడక్కుండా ఎవరినీ అవ్వను చేసుకోను.