కుడి చక్రానికి తిరుమంజనం

మా భజన కూటం జీపుకు డ్రైవరునూ నేనే, మెకానిక్కునూ నేనే. శనివారం సాయంత్రాల్లో పురాణం చదివి అర్థం చెప్పేదీ నేనే. తమిళనాడులోని గుడియాత్తంలో మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు. తెలుగు అక్షరం చదవగలిగిన ఇళ్లు మాత్రం చాలా తక్కువ. అందుకని పుస్తకం ముందు కూర్చునే భాగ్యం నాకు చిన్నతనంలోనే దక్కింది. గోళ్ల సందుల్లో గ్రీజుతో పేజీలు తిప్పుతానని కొందరు నవ్వుతారు. నవ్వనీ. నాకు రెండూ స్వామి సేవే. ఆ మాట తల ఎత్తుకునే చెబుతాను.

తమిళుల పెరటాసి నెలలో మూడో శనివారం మా ఊరి కొండమీది స్వామికి కట్టే వస్త్రం మా కూటమే నేసి ఇవ్వాలి. తాతల నాటి నుంచి మాకున్న మర్యాద అది. మగ్గానికి నూలు ఎక్కించిన రోజు నుంచి నేసేవాళ్లు ఒంటిపూట భోజనం చేస్తారు. వస్త్రం పూర్తయ్యేదాకా ఆ మగ్గం మీద ఇంకో గుడ్డ నేయరు. ఆ ఏడు ఆ పని పట్టుబట్టి తీసుకున్నది మా కూటంలో అందరికన్నా పెద్దదైన అవ్వ. నాకు చుట్టం కాదు గానీ, నాకు వచ్చిన కీర్తనలన్నీ ఆమె నోటి నుంచి నేర్చుకున్నవే. మోకాళ్లు అరిగిపోయి, మగ్గం గుంటలోకి దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. అయినా నేసింది.

"ఇంగ నా చేత్తో నేసేది ఇదే కడసారి నాయనా. సామి కట్టుకునేది ఈ కండ్లతో చూడాల" అంది.

"నేను తీసకపోతా అవ్వా" అని మాట ఇచ్చాను.

మెట్లదారి ఆమె వల్ల కాదు. వెనకవైపు బండ్లు ఎక్కే మట్టిదారి ఉంది. వాన పడితే ఆ ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండి మాత్రమే ఎక్కగలదు. మా జీపు అలాంటిది. మామూలు రోడ్డు మీద వెనక చక్రాలే దాన్ని తోస్తాయి. ముందు చక్రాలు కూడా లాగాలంటే మొదట కిందికి దిగి, ఒక్కో చక్రం నడిబొడ్డున ఉండే హబ్బు మీది గుండ్రటి బిళ్లను తిప్పి బిగించాలి. అప్పుడు ఇరుసు బలం చక్రానికి అందుతుంది. తర్వాత లోపలికి వచ్చి చిన్న గేరు వేయాలి.

పండగకు ముందు శనివారం పొద్దున, వాన వెలిశాక, దారి ఎట్లుందో చూద్దామని బరువుకు బియ్యం మూటలు వేసుకుని బయల్దేరాను. మద్దెల వాయించే మా బావ కూడా వచ్చాడు. మొదటి ఏటవాలులోనే జీపు నిలిచిపోయింది. వెనక చక్రాలు బురద చిమ్ముతూ గుంట తవ్వుకుంటున్నాయి. హబ్బులు బిగించాను, చిన్న గేరూ వేశాను. అయినా ముందు చక్రాలు కదల్లేదు. బావ దిగి, వంగి కిందికి చూశాడు.

"ఇంజను కాడి నుంచి ముందుకొచ్చే షాఫ్టు గిర్రున తిరగతాండాది. చక్రాలు మాత్రం మొండికేసినాయప్పా" అన్నాడు.

కొండ కింద పొలాల నుంచి ఒక ట్రాక్టరు అతను వచ్చి, మమ్మల్ని చూసి నవ్వాడు. "ఏం మామా, భజన చేస్తే ఎక్కుతాదా బండి?"

"నువ్వు ముందు తాడు కట్టప్పా. కీర్తన తర్వాత పాడతాం" అన్నాడు బావ.

సోమవారం వేలూరుకు తీసుకెళ్లాను. అక్కడి షెడ్డులో మెకానిక్కు చిన్న గేరు కడ్డీని రెండుసార్లు అటూ ఇటూ లాగి చూశాడు. గేరు పెట్టె దించి విప్పాలి, వారం పైనే పడుతుంది అన్నాడు.

"వారమా? మరి శనివారం అవ్వని కొండెక్కించేది ఎట్లప్పా?" అన్నాడు బావ.

తిరిగి వస్తూ దారంతా ఆలోచించాను. కొండ కింద బావ చూసింది నిజమైతే, పెట్టె తన పని తాను చేస్తోంది. బలం ముందు ఇరుసు దాకా వస్తోంది. పోతున్నది ఆ తర్వాతే. మరి పెట్టె ఎందుకు విప్పాలి?

ఇంటికొచ్చి, మా భజన మందిరం ముందు జాకీ పెట్టి ముందు చక్రాలను ఒక్కొక్కటిగా లేపాను. హబ్బులు బిగించే ఉన్నాయి. ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పితే బరువుగా, లోపలి ఇరుసును లాక్కుంటూ మూలిగినట్టు తిరిగింది. కుడి చక్రం మాత్రం రాట్నంలా తేలిగ్గా తిరిగింది. అంటే పైన బిళ్ల బిగిసినట్టే కనబడుతోంది గానీ లోపల పట్టలేదన్నమాట. ముందు ఇరుసులో ఒక్క వైపు పట్టు వదిలితే చాలు, వచ్చిన బలమంతా ఆ వదులు వైపే పారిపోతుంది. రెండో చక్రానికీ ఏమీ అందదు.

బోల్టులు విప్పి కుడి హబ్బు మూత తీశాను. గ్రీజు వాసన రావాల్సిన చోట గంధం వాసన వచ్చింది.

బిళ్ల చుట్టూ, దాని సందుల్లో, లోపల జారాల్సిన పళ్ల చక్రం అంచున, గంధం, కుంకుమ, నువ్వుల నూనె, రోడ్డు దుమ్ము అన్నీ కలిసి రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. బావ నా మొహం చూశాడు, నేను బావ మొహం చూశాను. ఇద్దరికీ తెలుసు అది ఎవరి చెయ్యో. ప్రతి శనివారం భజనకు ముందు అవ్వ నూనెలో గంధం కలిపి, "బండికి ఇదే గదా మొగం" అంటూ ఆ బిళ్లకు దిట్టంగా పూసి కుంకుమ పెడుతుంది. జీపు ఎడమవైపు గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆమె చెయ్యి ఎప్పుడూ కుడి చక్రానికే అందేది.

"నువ్వే చెప్పు. పురాణం చెప్పే నోరు గదా నీది" అన్నాడు బావ, స్పానరు కింద పెట్టి.

అవ్వ తన ఇంట్లో వస్త్రం అంచులకు మిగిలిన పోగులు కత్తిరిస్తోంది. చక్రంలో గంధం గట్టిపడిందనీ, అందుకే బండి ఎక్కలేదనీ మెల్లగా చెప్పాను. కత్తెర ఆగింది. ఆమె భక్తిని తప్పు పట్టినట్టయిందేమోనని భయపడ్డాను.

"సామికి గంధం ఎప్పుడు పెడతారు నాయనా?"

"తిరుమంజనం అయినాక."

"నిన్న పూసినదాని మీదనే ఇయ్యాల పూస్తారా?"

"యాడన్నా పూస్తారా అవ్వా? స్నానం చేయించి, తుడిచి, ఆమీటనే పూస్తారు."

"మరి దీనికి ఒకనాడన్నా స్నానం చేయించినామా? పూసిందాని మీదనే పూస్తా వస్తిమి. సామికి చేయని పని బండికి చేసినాం." కత్తెర పక్కన పెట్టింది. "యాడుండాది ఆ చక్రం? పట్టు నన్ను, లేపు."

మగ్గం అచ్చులోకి పోగులు దూర్చే సన్నటి ఇనుప కొక్కెం చేత పట్టుకుని వచ్చింది. ముక్కాలి పీట మీద కూర్చుని, నేను కిరసనాయిలులో నానబెట్టిన పళ్ల సందుల్లోంచి గంధాన్ని పోగు పోగుగా లాగినట్టు లాగేసింది. పోగు తెగకుండా పనిచేసిన ఆ వేళ్లు ఇనుము మీద ఒక్క గీత పడనివ్వలేదు. మా వీధి ఆడవాళ్లు చుట్టూ నిలబడి చూశారు. లోపల మెరుపు వచ్చాక నేను పల్చగా గ్రీజు రాసి, మూత బిగించి, బిళ్ల తిప్పాను. టక్కుమని లోపల పడింది. కుడి చక్రం ఎడమదానిలాగే బరువుగా తిరిగింది. మా కూటంలో ఉన్నందుకు నేను పొంగిపోయిన రోజుల్లో అదొకటి.

శనివారం పొద్దున మళ్లీ వాన. అవ్వ ముందు సీట్లో వస్త్రం ఒడిలో పెట్టుకుని కూర్చుంది. వెనక బావ, తాళాలవాళ్లు. అదే ఏటవాలు కింద దిగి రెండు బిళ్లలూ తిప్పాను. పక్కన ట్రాక్టరు అతను తాడు చుట్ట భుజాన వేసుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. వెనకవాళ్లు గోవింద నామం ఎత్తుకోబోయారు.

"ఉండండప్పా. చక్రం ఏం చెప్తాండాదో రవ్వంత విననీయండి" అంది అవ్వ.

చిన్న గేరు వేసి, తొందరపడకుండా క్లచ్చు వదిలాను. ముందు చక్రాలు మట్టిని కరిచాయి. స్టీరింగులో ఆ లాగుడు నా చేతులకు తెలిసింది. జీపు గుంటలోంచి లేచి, జారకుండా, ఒకే వేగంతో పైకి పోయింది. అప్పుడు అవ్వే మొదట గోవిందా అంది. ట్రాక్టరు అతను తాడు కింద పడేసి చేతులు జోడించాడు.

"ఇప్పుడు పాడమంటావా కీర్తన?" అని అతన్ని కేకేశాడు బావ.

గుడిలో తెర తీసినప్పుడు స్వామి అవ్వ నేసిన వస్త్రంలో ఉన్నాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అంచు ఎట్ల కూర్చుందో, మడత ఎట్ల పడిందో నేతగత్తె కళ్లతో పైనుంచి కింది దాకా చూసి, "సరిగ్గా ఉండాది" అంది.

బయటికొచ్చాక, పూజారి ఆకులో ఇచ్చిన గంధం పట్టుకుని కుడి చక్రం దగ్గరికి నడిచింది. దాని నిండా ఎర్ర బురద. కాసేపు చూసింది. వేలు ముంచి, చెయ్యి తిప్పి, ఆ గంధం నా నొసట పెట్టింది.

"దానికి మొదట స్నానం కానియ్యి నాయనా" అంది, ఆకు మడిచి కొంగున కట్టుకుంటూ.