పక్ పోయాక చూడమన్న ఆంటీ

మా పక్కింటి ఆంటీ మొన్న మంగళవారం పొద్దున పోయారు. అంకుల్ వచ్చి తలుపు కొట్టారు. "అమ్మాయ్, మీ ఆంటీ నిద్రలేవలేదు. అంబులెన్సు వాళ్ళు వచ్చి చూశారు. అయిపోయిందంటున్నారు" అని, చెప్పులైనా లేకుండా మా గుమ్మంలోనే నిలబడిపోయారు. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. గుండె దడగా ఉందని ఆవిడ అనడం, జీపీ డాక్టరు దగ్గరికి పోదాం పదండని నేననడం, "వచ్చే వారం చూద్దాంలే" అని ఆవిడ తోసెయ్యడం కొన్నాళ్ళుగా నడుస్తోంది. ఆవిడతో ఏ వాదనలోనూ నేను గెలిచింది లేదు. ఇందులోనూ గెలవలేదు.

ఆ రోజంతా వీధిలోని ఐరిష్ వాళ్ళు శాండ్‌విచ్‌లు పట్టుకొచ్చి, అంకుల్ చేయి పట్టుకుని, నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళారు. అందరూ ఆవిడను నెమ్మదైన మనిషి అన్నారు. వాళ్ళు ఆవిడ దగ్గర పనిచేయలేదు మరి.

ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు మంచు మీద ఆడే హాకీ సంగతి చెప్పాలి. విసుక్కోకండి. మేమూ మొదట్లో అలాగే విసుక్కున్నాం. కెనడా, అమెరికాల్లోని ప్రొఫెషనల్ క్లబ్బులన్నీ ఏటా ఎండాకాలంలో ఒకచోట చేరి, మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఏ కుర్రాడు రేపు పెద్దాటకు పనికొస్తాడో ముందే పసిగట్టడం క్లబ్బులకు పెద్ద తలనొప్పి. డబ్లిన్‌లో ఏ కంపెనీ చూసినా మనుషులను తీసుకుంటూనే ఉన్న రోజుల్లో, మా కంపెనీ ఆ తలనొప్పికి మందు కనిపెట్టానంది. మా సాఫ్ట్‌వేర్ ఆటల వీడియోలు చూసి ఒక్కో కుర్రాడికి ఒక స్కోరు ఇచ్చేది. ఆ స్కోరును మనుషులు చూసి సరిచేయాలి. ఆ మనుషులం మేం. మా మీద పెద్ద, ఆంటీ.

ఆవిడది కాకినాడ. కెనడాలో చాలా ఏళ్ళు ఒక జూనియర్ హాకీ జట్టుకు ఆటగాళ్ళను ఎంచిపెట్టే ఉద్యోగం చేసి, అంకుల్‌కు ఇక్కడ పని దొరికితే వచ్చారు. నాది కరీంనగర్. ఫ్రిజ్‌లో తప్ప మంచుగడ్డ ఎరగను. డబ్లిన్ అద్దెలకు తట్టుకోలేక రెండు కుటుంబాలమూ ఆ ఊరికి దూరంగా నేవన్‌లో పక్కపక్కన ఇళ్ళు తీసుకున్నాం. అందువల్ల ఆవిడ నాకు పొద్దున కారులో ఆంటీ, ఆఫీసు మెట్లెక్కగానే మేడమ్, సాయంత్రం కారెక్కగానే మళ్ళీ ఆంటీ. మేడమ్‌గా తిట్టినది ఆంటీగా మరిచిపోయేవారు. నేను మరిచిపోయేదాన్ని కాదు.

ఆవిడతో పనిచేయడమంటే వీడియో వెనక్కి తిప్పడం. కుర్రాడు బ్రహ్మాండంగా గోల్ కొడతాడు, సాఫ్ట్‌వేర్ మంచి స్కోరు ఇస్తుంది, నేను ముగించబోతాను. వెనకనుంచి గొంతు వినిపిస్తుంది. "వెనక్కి తిప్పమ్మా. గోల్ సంగతి కాదు. అంతకుముందు పక్ పోగొట్టుకున్నాడు చూడు, అక్కడికి." పక్ అంటే వాళ్ళు కర్రలతో కొట్టే నల్లటి రబ్బరు బిళ్ళ. "పక్ దగ్గరుంటే ప్రతివాడూ మొనగాడే. పోయాక ఏం చేస్తాడో చూడాలి" అనేవారు. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పరిగెడతాడా, రిఫరీ వైపు చేతులెత్తి నిలబడతాడా, తోటివాడిని కసురుతాడా. ఒక్క కుర్రాడి కోసం ఒక పూటంతా అలా గడిచిపోయేది. మధ్యాహ్నం డబ్బా తెరిచేసరికి ఉప్మా గడ్డకట్టి ఉండేది.

అంత చూసినా ఆవిడ అంచనాలు అన్నీ నిజమయ్యేవా అంటే, కాదు. పొడుగ్గా తాడిచెట్టులా ఉన్న ఒక కుర్రాడిని ఆకాశానికెత్తారు. వాడు తర్వాతి సంవత్సరానికే ఎక్కడా కనబడలేదు. "తప్పు చూశానమ్మా" అనేసి టీ పెట్టుకోవడానికి వెళ్ళారు. మేము పంపే ప్రతి రిపోర్టూ "ఇప్పటికి" అనే అర్థమొచ్చే మాటతోనే మొదలవ్వాలని ఆవిడ పట్టు. ఇప్పటికి వీడు ఇలా ఉన్నాడు, ఇప్పటికి ఇంతే చెప్పగలం. డబ్బిచ్చే క్లబ్బులకు ఆ మాటంటే ఒళ్ళు మంట. మా ఐరిష్ మేనేజరు ఎన్నిసార్లు తీసెయ్యమన్నా, "అలాగే, గ్రాండ్" అని నవ్వి, మళ్ళీ పెట్టేవారు.

ఒక వసంతంలో అసలు గొడవ వచ్చింది. కెనడాలో ఏదో చిన్న ఊరినుంచి వచ్చిన కుర్రాడు, డిఫెన్స్ ఆడతాడు. మా లెక్కలో అందరికంటే పైన ఉన్నాడు. మాకు పనిచ్చే పెద్ద క్లబ్బు వాడిమీదే కన్నేసి, మా ఆఖరి మాట కోసం ఎదురుచూస్తోంది. ఆ మాట బాగుంటే మా టీముకు మరికొన్నేళ్ళ పని. నా వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగంమీదే ఉంది. నేను రిపోర్టు పూర్తిచేసి ఆవిడ ముందు పెట్టాను.

"వెనక్కి తిప్పు" అన్నారు.

చలికాలంలో ఒక ఆటలో ఎవడో వాడిని చుట్టూ ఉండే చెక్కగోడకేసి గట్టిగా గుద్దాడు. వాడు లేచి ఆడాడు. ఆ తర్వాతి ఆటలన్నీ వరసగా పెట్టించారు. "చూశావా, కుడివైపు చూడాలంటే మెడ తిప్పట్లేదు. మనిషంతా తిరుగుతున్నాడు. బెంచీ మీద కూచుంటే ఆ లైట్లకి కళ్ళు మూసుకుంటున్నాడు. అదిగో, అవతలి జట్టు బెంచీ తలుపు దగ్గరికెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాడు." నేను అన్నీ చూసే ఉన్నాను. అలిసిపోయాడనుకున్నాను.

మా వీధిలో బోమాంట్ ఆస్పత్రిలో నర్సుగా చేసే గుంటూరు ఆవిడ ఉన్నారు. ఆదివారం చర్చినుంచి వస్తూ టీకి ఆగితే, ఆంటీ ఆవిడకు ఎవరి పేరూ చెప్పకుండా ఆ వీడియో ముక్కలు చూపించారు. ఆ నర్సు చాలాసేపు చూసి, "వీడియో చూసి చెప్పడానికి నేను డాక్టర్ని కాదండీ. కానీ నా కొడుకే అయితే, తలకి పరీక్ష చేయించకుండా మళ్ళీ ఆడనివ్వను" అన్నారు.

సోమవారం మేనేజరు స్పష్టంగా చెప్పాడు. మన పని ఆట గురించి రాయడం. ఆరోగ్యం వాళ్ళ డాక్టర్లు చూసుకుంటారు. మన అనుమానం తప్పయితే, ఒక కుర్రాడి బతుకు మన నోటివల్ల పాడవుతుంది. నిజం చెప్పొద్దూ, నాకు ఆ మాట సబబుగానే తోచింది. సాయంత్రం కారులో అదే అన్నాను.

"మనకెందుకు ఆంటీ? వాళ్ళ డాక్టర్లు లేరా?"

"ఉన్నారు. వాడు వాళ్ళకి చెప్పి ఉండడు. డ్రాఫ్ట్ ముందు ఏ కుర్రాడు చెబుతాడమ్మా?"

"గట్లయితే రిపోర్టుల రాయుండ్రి."

"రాస్తే క్లబ్బు వాడిని వదిలేస్తుంది. వాడికి మాత్రం ఎవరూ చెప్పరు."

"మరేం చేస్తరు?"

"ముందు రోడ్డు చూసి నడుపమ్మా" అన్నారు. మర్నాడు, నాతో గానీ మేనేజరుతో గానీ ఒక్క ముక్క చెప్పకుండా, ఆ కుర్రాడి జట్టులో తనకు పాత పరిచయమున్న ఫిజియోకు ఫోన్ చేసి చూసిందంతా చెప్పేశారు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. కుర్రాడికి పరీక్షలు చేశారు. తలకు తగిలిన దెబ్బ ఇంకా మానలేదని తేలింది, ఆట ఆపించారు. సంగతి అంతటా పాకింది. తాము డబ్బిచ్చి చేయించుకున్న పనిని బయటపెట్టామని పెద్ద క్లబ్బు మాతో తెగతెంపులు చేసుకుంది. మా టీమును ఎత్తేశారు. నన్ను జీతాల సాఫ్ట్‌వేర్‌లో పడేశారు. ఆవిడను రాజీనామా ఇమ్మన్నారు, ఇచ్చారు. క్షమాపణ మాత్రం చెప్పలేదు.

డ్రాఫ్ట్ ఆఖరిదైన రెండో రోజు సాయంత్రం ఆవిడ ముందుగదిలోనే కూర్చుని చూశాం. బయట ఇంకా బాగా వెలుగుంది. పేర్లు ఒక్కొక్కటే పిలిచారు, అయిపోయాయి. ఆ కుర్రాడి పేరు పిలవలేదు. ఆ వారంలోనే వాళ్ళ నాన్న ఎక్కడినుంచో నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. ఆంటీ స్పీకర్‌లో పెట్టి సింకు దగ్గర నిలబడ్డారు.

"మా వాణ్ణి ఎప్పుడైనా ఎదురుగా చూశారా మీరు?" అని ఆయన ఇంగ్లీషులో అరిచాడు.

"లేదండీ."

"వాడు నాలుగేళ్ళ వయసునుంచి ఈ ఒక్క రోజు కోసం బతికాడు. తెలుసా?"

"తెలుసండీ."

ఆయన తిట్టినంతసేపు తిట్టి పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క మాటన్న అనకపోతిరి? వాని పాణం కాపాడినమని చెప్పొద్దా?" అన్నాను. ఆవిడ గిన్నెలు తుడిచి అల్మారాలో సర్దుతూ, "ఆయన అన్నదాంట్లో అబద్ధమేముందమ్మా? ప్రాణం కాపాడామో లేదో మనకేం తెలుసు? వాడి రోజు పోయింది, అది మాత్రం తెలుసు" అన్నారు. ఇలాంటి మనిషి పక్షాన ఎలా మాట్లాడాలో నాకు ఎప్పుడూ తెలియలేదు.

ఇప్పటికీ నా మాట ఒకటే. ఆ ఫోన్ చేసే ముందు మాకు చెప్పాల్సింది. మా ఉద్యోగాలు కూడా అందులో ఉన్నాయి. ఈ మాట ఆవిడతో చాలాసార్లు అన్నాను. "చెబితే ఆపేదానివి కదా" అనేవారు. ఆపేదాన్నే. కానీ ఆ ఏడాది తర్వాత నా కూతురు స్కూల్లో పడి, ఏం కాలేదని పరిగెత్తుతుంటే, కూర్చోబెట్టి కళ్ళలోకి చూసి, మెడ తిప్పమని అడిగిందాన్ని నేనే. అది ఎవరు నేర్పారో నాకు తెలుసు.

కుర్రాడు ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉన్నాడు. తర్వాత కాలేజీ జట్టులో ఆడాడు. పెద్ద లీగు దాకా ఎన్నడూ వెళ్ళలేదు. చిన్న లీగుల్లో తిరిగి తిరిగి, పోయిన చలికాలం ఒక క్లబ్బు తరఫున బెల్‌ఫాస్ట్‌లో ఆడటానికి వచ్చాడు. ఆంటీకి ఎలా తెలిసిందో తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం ఆట, నన్ను కారు తీయమన్నారు. దారంతా వాన, దారంతా నా డ్రైవింగ్‌కు వంకలు.

వాడిప్పుడు గడ్డం పెంచిన మనిషి. బాగానే ఆడాడు. ఆంటీ మాత్రం "వెనక్కి స్కేటింగ్ ఇంకా కుదర్లేదు" అని గొణుగుతూనే ఉన్నారు. ఆట అయ్యాక ఆటగాళ్ళు పిల్లలకు సంతకాలు పెడుతున్నారు.

"పోయి మాట్లాడుండ్రి ఆంటీ. ఇంత దూరమొచ్చినం."

"ఏమని? మీ నాన్న తిట్టిన ముసలిదాన్ని నేనేనని చెప్పనా? వాడి పని వాణ్ణి చేసుకోనీ."

జనం వెళ్ళిపోయారు. నేను పైకెక్కి, గేటు మూసేస్తారేమోనని మెట్లమీదనుంచి పిలిచాను. ఆవిడ కింద, మంచు చుట్టూ ఉండే అద్దాల గోడ దగ్గర నిలబడి ఉన్నారు, చీర మీద లావుపాటి కోటు, తలకు ఉన్ని టోపీ. మంచును నున్నగా చేసే బండి మెల్లగా చుట్టూ తిరుగుతోంది. అది వెళ్ళిన చోటల్లా మంచు నీళ్ళతో నల్లగా మెరిసి, చూస్తుండగానే తెల్లబడుతోంది. మళ్ళీ పిలిచాను. ఆవిడ వెనక్కి తిరగకుండానే ఒక చెయ్యి పైకెత్తారు, ఉండు అన్నట్టు.