అమ్మను మొత్తంగా చూసే డాక్టరు

ఆ రోజుల్లో అమ్మ ఒంటిని నలుగురు డాక్టర్లు పంచుకున్నారు. కాళ్ళవాపు ఒకాయనది, గొంతు ఇంకొకాయనది, నెలసరి సంగతి డాక్టరమ్మది, గుండె చిత్తూరులో ఉండే పెద్దాయనది. వీళ్ళందరి మధ్యా బస్సుల్లో తిరిగే పని నాది. ఇంట్లో పెద్దకూతుర్ని, పెళ్ళి కాలేదు, వడమాలపేట బళ్ళో టీచరు ఉద్యోగం. కాబట్టి సెలవు పెట్టవలసింది నేనేనని ఎవరూ అనకుండానే తేలిపోయింది.

జబ్బు ఒక్కరోజులో రాలేదు. ముందు గొంతు బొంగురుపోయింది, తర్వాత ముఖం ఉబ్బింది. తిరుపతి ఎండల్లో ఊరంతా విసనకర్రలు పట్టుకుని కూర్చుంటే అమ్మ దుప్పటి కప్పుకునేది. ఏదైనా అడిగితే ఆమె జవాబు వెతుక్కునేలోపు అడిగినవాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. పొయ్యి ముందు కూర్చుని అలాగే నిద్రపోయేది. మా నాయనకు పాత్రల అంగడి. మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి అన్నం ఉడికి ఉండేది కాదు.

“సోంబేరి అయిపోయినాది ఇది. పనంటే ఒళ్ళు వంగదు,” అని వచ్చినవాళ్ళతో కూడా అనేవాడు.

అమ్మ ఎదుటే అనేవాడు. కొన్నాళ్ళకు ఆమే నమ్మడం మొదలుపెట్టింది. “నిజమే పాపా, నాకు సోంబేరితనం వచ్చేసినాది. లేద్దామనుకుంటాను, లేయను,” అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. జబ్బుకైనా మందుంటుంది, ఈ మాటకు మందేమిటి?

డాక్టర్లు చెడ్డవాళ్ళేమీ కారు. ఎవరి ముక్క వాళ్ళు శ్రద్ధగానే చూశారు. వాపు తగ్గే మాత్రలతో నీరసం వచ్చేది, బలానికిచ్చిన మందుతో మలబద్ధకం వచ్చేది. గొంతు చూసే ఆయన్ను కాళ్ళ గురించి అడిగితే, “అది ఆయన్నే అడగమ్మా,” అన్నాడు. కాళ్ళు చూసే ఆయన్ను అడిగితే గుండె చూపించమన్నాడు. ఒకరి మందులు ఇంకొకరికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఏ మందు తర్వాత ఏది మొదలైందో నాకే తికమకగా ఉండేది.

ఈ మధ్యలోనే అమ్మ కొండకు పోయి తలనీలాలిచ్చి వచ్చింది. మా ఊళ్ళో గుండు ఎవరి కంటికీ ఆనదు. బస్సులో పక్కసీటుదీ గుండే, ఆసుపత్రి బెంచీ మీద ఎదుటివాళ్ళదీ గుండే. డాక్టర్లు అమ్మ తల చూసి, “కొండకు పోయొచ్చినారా,” అని ఒక దండం పెట్టేవారు. తల పరీక్ష అంతటితో సరి. అమ్మ కొంగు తలమీదికి లాక్కునేది. నెలలు గడిచినా తల అలాగే ఉంటే, మళ్ళీ మొక్కుకుని మళ్ళీ ఇచ్చిందనుకున్నాం. మా ఇళ్ళల్లో మొక్కు గురించి గుచ్చి గుచ్చి అడగరు.

చివరికి చిత్తూరు పెద్దాయనే చేతులెత్తేశాడు. “గుండె చుట్టూ నీరు చేరింది. ఎందుకో నాకు అంతు దొరకడం లేదు. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోండి, ఆలస్యం చేయొద్దు,” అన్నాడు. అమ్మ చచ్చిపోతుందేమోనని నాకు మొదటిసారి భయం వేసింది.

“ఇంకా ఎంతమందికి సూపిస్తావు?” అన్నాడు నాయన.

“ఇంకొక్కరికి నాయనా,” అన్నాను. గట్టిగా అనే ఓపిక కూడా లేదు.

వేలూరులో చూసిన డాక్టరు కేరళ అబ్బాయి. సగం తమిళం, సగం తెలుగు. అమ్మ కొంగు తీయించి తల చూశాడు. దండం పెట్టలేదు.

“గుండు ఎప్పుడు?” అన్నాడు.

“రెండేండ్లాయె సామీ.”

“మధ్యలో మళ్ళీ ఇచ్చింది డాక్టర్,” అన్నాను నేను.

అమ్మ మెల్లగా తల అడ్డంగా ఊపింది. “మళ్ళా యాడిచ్చినాను పాపా? ఒక్కతూరే. అప్పటికే పిడికెడు పిడికెడు ఊడిపోతా ఉండె. ఉండేదన్నా సామికి పోనీలే అనుకున్నాను. మళ్ళా మొలిస్తే గదా ఇచ్చేది.”

రెండేళ్ళుగా ఆ తల నేను సరిగ్గా చూడనే లేదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం.

ఆయన అమ్మ కనుబొమల చివర వేలితో తడిమి చూశాడు. అక్కడా వెంట్రుకల్లేవు. నీళ్ళు మింగమని మెడ పట్టి చూశాడు. మడమ వెనక చిన్న సుత్తితో కొడితే పాదం కదిలి, తీరిగ్గా వెనక్కి వచ్చింది. అప్పుడు ఆయన బయటికి వెళ్ళి గుండె డాక్టరునూ ఆడవాళ్ళ డాక్టరమ్మనూ పిలుచుకొచ్చాడు. అమ్మ మంచం చుట్టూ నిలబడి ముగ్గురూ ఇంగ్లీషులో వాదించుకున్నారు. గుండె తట్టుకోవాలంటే మందు ఎంత తక్కువతో మొదలుపెట్టాలన్నదే వాళ్ళ గొడవ. నాకు సగమే అర్థమైంది. అయినా ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నేను ఒకరి మాట ఇంకొకరికి మోశాను. ఇప్పుడు వాళ్ళే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు.

రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా అక్కడే లాడ్జిలో ఉన్నాం. అది వచ్చేరోజుకు నాయన అంగడి మూసి వచ్చాడు, కానీ లోపలికి రాకుండా ఆసుపత్రి వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు.

మెడలో థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుందనీ, అమ్మకు అది పని చాలించుకుందనీ, గొంతూ వాపూ చలీ నిద్రమత్తూ గుండె చుట్టూ నీరూ జుట్టు ఊడడమూ అన్నీ దానివల్లేననీ డాక్టరు చెప్పాడు. మాత్ర రోజూ వేసుకోవాలి, బతికినన్నాళ్ళూ. బతుకుతుందనే మాట విన్నా సంతోషపడే శక్తి నాలో మిగల్లేదు. ఊరికే తల ఊపాను.

అమ్మ డాక్టరు వైపు తిరిగింది. ఎప్పటికి నయమవుతుందని అడుగుతుందనుకున్నాను.

“సామీ, అయితే ఇది జబ్బేనా?”

“జబ్బే అమ్మా.”

“నా సోంబేరితనం కాదు గదా?”

“కాదు. మీ తప్పు ఏమీ లేదు.”

“అట్లయితే ఆ మాట మా ఇంటాయనకు చెప్పండి సామీ. ఆడ బయట కూర్చోనుండాడు.”

నేను వెళ్ళి నాయనను పిలుచుకొచ్చాను. ఆయన భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని మంచం పక్కన నిలబడ్డాడు. డాక్టరు మొదటినుంచీ చెప్పాడు. ఇది జబ్బనీ, సోంబేరితనం కాదనీ, ఇన్నాళ్ళూ ఈ ఒంటితో ఆమె చేసిన పని ఇంకొకరైతే చేయలేరనీ చెప్పాడు.

అమ్మ నాయన ముఖంలోకే చూస్తూ ఉంది.

“ఇంకొకతూరి చెప్పండి సామీ,” అంది.