మూడో స్టాపు, తెల్ల బాణం

ఇది భూమి కడుపుల నిప్పు మరిగి, కరిగిన రాయి పైకి తన్నుకొచ్చి, కోట్ల ఏండ్లు ఎండకు వానకు చెక్కుచెదరని ఒక మహాశిల గురించిన వీరగాథ. దాన్ని దర్శించుకోనీకి దేశం నలుమూలల నుంచి పండితులు తరలివచ్చిన్రు.

అంత లేదు. నారపల్లిల ఒక బండ, నా దగ్గర ఒక తెల్ల పెయింటు డబ్బ, మా బావ నడిపే, రాళ్లు పగలగొట్టే బ్రేకర్ బండి. కథ మొత్తం ఇంతే.

ఉప్పల్‌ల భూశాస్త్ర సదస్సు మూడు రోజులు పెట్టిన్రు. రెండు రోజులు ఏసీ హాల్ల ఉపన్యాసాలు, మూడో రోజు బస్సెక్కి బండలు చూసుడు. ఐదు స్టాపులల్ల మూడోది నాది. అచ్చేసిన గైడ్ పుస్తకంల దాని కింద నా పేరు సుత ఉన్నది, ఒక అక్షరం తప్పుతోని. నాచారంల మావోళ్లు మూడు తరాల సంది బండలతోని పని పెట్టుకున్నరు గానీ, అది పొలంల నాగలికి అడ్డమొచ్చినప్పుడు తిట్టుడు వరకే. బండ మీద పీహెచ్‌డీ చేసుడు నాతోనే మొదలు.

మా దిక్కు నేలంతా గ్రానైటు. అది పగిలిన సందులల్లకు కింది నుంచి కరిగిన రాయి ఎక్కి గడ్డకడితే నల్ల చారలైతయ్. వాటిని మేము డైకులంటం. నారపల్లి బండ మీద అసొంటి చారలు రెండు, ఒకటి లావుది, ఒకటి సన్నది, ఒకదాన్నొకటి దాటుతుండె. ఏది దేన్ని కోసుకొని పోయిందో అది తర్వాత పుట్టినట్టు. సన్నదే లావుదాన్ని కోసిందని నేనంట. నా పీహెచ్‌డీ గైడ్ సారు ఉల్టా అంటరు. నా థీసిస్‌ల ఒక అధ్యాయం, అంటే మూడేండ్ల తిరుగుడు, ఆ జానెడు కూడలి మీద నిలబడి ఉన్నది.

ఫొటోలు లేవా అంటే, నలభై ఉన్నయ్. రాయి ఎంతున్నదో తెలిసేటందుకు పక్కన పెన్నో సుత్తెనో పెట్టి ఫొటో తీసుడు మా రివాజు. నేను పక్కన పెట్టలే. నలభై ఫొటోలల్ల నా పెన్ను సరిగ్గ కూడలి మీదనే పండుకొని ఉన్నది. ముక్కలు కొట్టి తెచ్చిన గానీ, కూడలి పాడైతదని అక్కడ సుత్తె వెయ్యలే. సారుకు మోకాళ్ల నొప్పులు, అంతదాక రాలేకపోయిన్రు.

"ట్రిప్పు రోజు అందరితో పాటు కళ్లారా చూస్తానయ్యా" అన్నరు. ఆయనది గోదావరి దిక్కు. "నువ్వన్నదే నిజమైతే అక్కడే ఒప్పుకుంటాను. కాకపోతే ఆ అధ్యాయం తీసెయ్యి."

ట్రిప్పుకు ముందు రోజు పొద్దున, బండను ఊడ్చి నీళ్లు కొడితే చారలు మంచిగ తేలుతయని చీపురు పట్టుకొని బయలెల్లిన.

"చీపురు యాడికిరా?" అన్నది అమ్మ.

"బండ ఊడ్వనీకి."

"ఇంట్ల బండలు ఎన్నడన్న ఊడ్సినవా?"

ఆ బండ ఒక ప్లాట్ల వెంచర్ల ఉన్నది. పార్కుల షోకు ఉంచుతమని సూపర్‌వైజర్ నాకు ముందే చెప్పిండు. పోయి చూస్తే బండ లేదు. అది ఉన్న జాగల కంకర కుప్ప, దాని పక్కన బ్రేకర్ బండి, దాంట్ల మా అక్క పెనిమిటి. ఆయనకు ఈ పని దొరికి నాలుగు నెలలు. అంతకు ముందు ఫ్యాక్టరీ మూతవడి ఆర్నెల్లు ఇంట్లనే ఉండె.

"ఏం బామ్మర్దీ, చీపురు దెచ్చినవ్? పని అయిపోయింది, ఊడువు ఇగ" అన్నడు.

"బావా, ఈడ బండ ఉండె."

"ఉండె. మూడు దినాలు సతాయించింది. నల్లరాయి మస్తు గట్టి."

"దాన్ని ఉంచుతమన్నరు గద!"

"నాకేమెరుక? తెల్ల గీతలున్నయన్ని కొట్టుమన్నరు. దీని మీదనైతే బాణాలు గూడ ఉండె. బాణమేసి మరీ సూపిచ్చినంక ఇడిసిపెడ్తమా?"

బాణాలు నావి. రాయి మీద ఉత్తరం ఎటున్నదో బాణం గీసి, పక్కన ఇంగ్లిష్‌ల 'ఎన్' అని రాసుడు మా పని పద్ధతి. తీసెయ్యాల్సిన రాళ్లకు సున్నంతోని గీత కొట్టుడు వెంచరోళ్ల పద్ధతి. చాక్‌పీసుతోనే గియ్యమని సారు చిలుకకు చెప్పినట్టు చెప్పిన్రు. వానకు పోతదని నేను పెయింటు కొట్టిన.

"మరి 'ఎన్' అంటే ఏందనుకున్నవ్ బావా?"

"నారపల్లి."

నేను కంకర కుప్ప మీద కూలవడ్డ. చీపురు ఇంకా చేతులనే ఉన్నది. బావ బండి బందు చేసి దిగిండు.

"నీ సదువుదా గది?"

తలకాయ ఊపిన. ఆయన కుప్ప మీదికి ఎక్కిండు. వంగి ఒక్కో నల్లరాయి లేపి, "గిదా? గిదేనా?" అనుకుంట చూపిచ్చిండు. అర్ధగంట వెతికినం. నల్లయన్నీ ఒక్క తీరుగనే ఉన్నయ్. కూడలి దొరకలే. సగం కంకర అప్పటికే కొత్త రోడ్డు కిందికి పోయిందట.

సారుకు ఫోన్ చేసే ధైర్యం లేక మెసేజ్ పెట్టిన: "సార్, మూడో స్టాపులో చిన్న మార్పు ఉంది." ఆయన బొటనవేలు బొమ్మ పంపిన్రు.

తెల్లారి బస్సు మౌలాలి గుట్ట కాడ ఒకసారి, దారిల ఇంకోసారి ఆగి, నారపల్లి చేరింది. సారు కర్ర ఊతంతోని అందరికంటే ముందు దిగిన్రు.

"ఏమయ్యా, కూడలి ఎక్కడ?"

"ఇదే సార్." కంకర కుప్పను చూపిచ్చిన.

అందరూ కుప్ప సుట్టు చేరిన్రు. తర్వాత సారు గొంతు సవరించుకొని, అభివృద్ధి అనే రాక్షసి భూమి చరిత్రను ఎట్ల మింగుతున్నదో మొదలువెట్టిన్రు. ఫోన్లు పైకి లేచినయ్. ఒకామె నా భుజం తట్టి "పాపం" అన్నది. నిజం చెప్తున్న, నాకు మస్తు సుఖమనిపిచ్చింది. ఇంకో రెండు నిమిషాలు నోరు మూసుకుంటే నేను బాధితుణ్ని.

గంతల సూపర్‌వైజర్ ఉరికొచ్చిండు. "వీడియోలు తియ్యకున్రి సార్. కంపెనీ తప్పు లేదు. బ్రేకర్ డ్రైవరు సొంత తెలివి సూపిచ్చిండు. వాణ్ని ఇయ్యాల్నే తీసేస్తం."

బావ క్యాబిన్లనే కూసున్నడు. నేను తన బామ్మర్దినని ఆయన అక్కడ ఎవ్వరికీ చెప్పలే. నా దిక్కు చూడలే సుత. చేతుల కింది లివర్లను చూసుకుంట ఉన్నడు.

"సార్, గీతలు నావే" అన్న. "డ్రైవరు తప్పేం లేదు. కొట్టుమన్న గుర్తు ఉన్నదాన్ని కొట్టిండు. ఆ గుర్తు నేనే పెట్టిన."

రాక్షసి కథ అక్కడనే ఆగింది. ఫోన్లు ఒక్కటొక్కటే జేబులల్లకు పోయినయ్.

"చాక్‌తో గీశావుగా?" అన్నరు సారు.

"పెయింట్ సార్. వానకు పోతదని..."

"నిజం చెప్పు. సన్నది లావుదాన్ని కోసిందా?"

"నా కండ్లతోని చూసిన సార్. కోసింది."

"చూసింది నువ్వూ, నీ పెన్నూ."

కోపం చేస్తరనుకున్న. చెయ్యలే. ఒంగలేక ఒంగి ఒక నల్లముక్క తీసుకొని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, జేబుల వేసుకున్నరు. బస్సు దిక్కు నడుసుకుంట, నా మొహం చూడకుండనే, "అధ్యాయం తీసెయ్యి" అన్నరు.

తీసేసిన. బావ పని నిలబడ్డది. సన్నదే తర్వాత పుట్టిందని నేను ఇప్పటికీ అంట. వినేటోడు బావ ఒక్కడే. తన బండి కింద రెండు చారలూ ఒక్కటే వారంల పోయినయ్ గనక రెండూ సమానమే అంటడాయన.

వీడియోలు ఆగిన సంబురంల సూపర్‌వైజర్ ఆ రోజు సైట్ ఆఫీసు తాళం తీపిచ్చిండు, బస్సోళ్లంత లైను కట్టిన్రు. సదస్సు అయినంక గైడ్ పుస్తకం సవరించి అందరికీ మళ్ల పంపిన్రు. మూడో స్టాపు ఇంకా ఉన్నది. నారపల్లి, పావుగంట, టాయిలెట్ సౌకర్యం కలదు.